ఈత రాని మనిషి దగ్గరికే వచ్చింది

పెన్నలో, జొన్నవాడ దగ్గర ఈత నేర్చుకున్నవాణ్ణి. నీళ్లు కనబడితే ఒళ్లు ఆగదు. అమెరికాలో, టాంపాలో ఉండే మా అమ్మాయి ఫోను చేసి, "నాన్నా, చలికాలంలో రండి, మనాటీలున్న నీళ్లలో దిగుదాం" అనగానే నెల్లూరులోనే ఈత కళ్లద్దాలు కొనేశాను. మనాటీ అంటే నీళ్లలోనే బతికే ఒక పెద్ద జంతువు. మా ఆవిడ "నాకు ఈత రాదు, గట్టున కూర్చుంటా" అంది. చివరికి ఎవరు ఏం చూశారో చెప్పడానికే ఇదంతా రాస్తున్నా.

ఊరి పేరు క్రిస్టల్ రివర్. ఫ్లోరిడా పడమటి తీరాన, టాంపా నుంచి కారులో గంటంబావు. ఊళ్లోనే కింగ్స్ బే అని ఒక మడుగు, దాని అడుగున ఎన్నో ఊటలు. ఊట నీరు ఏడాది పొడుగునా 22 డిగ్రీలే. మనకది చలి. మనాటీకి మాత్రం ప్రాణాధారం. చూడ్డానికి చెరువులో మునిగిన బర్రెలా ఉంటుంది. సగటున మూడు మీటర్ల పొడవు, 450 కిలోల పైచిలుకు బరువు. అంత ఒళ్లున్నా చలికి ఓర్చుకునే కొవ్వు తక్కువ. నీళ్లు 20 డిగ్రీల కిందికి దిగితే జబ్బు పడుతుంది, చచ్చిపోతుంది కూడా. అందుకే నవంబరు నుంచి మార్చి దాకా సముద్రం వదిలి ఈ ఊటల్లోకి వస్తుంది. మనం చూడ్డానికి పోయేదీ సరిగ్గా అప్పుడే. చిక్కంతా అక్కడే ఉంది.

మొదటిరోజు చౌకగా వస్తుందని పెద్ద పడవ ఎక్కాం. ఇరవై మందిమి. ఎక్కే ముందు నీళ్లలో ఎలా మసలుకోవాలో వీడియో వేశారు: తాకొద్దు, వెంటపడొద్దు, తల్లీపిల్లల మధ్యకి పోవద్దు, నిద్రపోయేదాన్ని లేపొద్దు, తిండి పెట్టొద్దు. సగం మంది ఫోన్లు చూసుకుంటున్నారు. నేను కొన్న కళ్లద్దాలు ముక్కు మూయవని పక్కన పడేసి వాళ్ల మాస్క్ ఇచ్చారు. ఒంటికి అతుక్కుపోయే రబ్బరు దుస్తులు తొడగడానికే పావుగంట పట్టింది. నీళ్లలోకి దిగానో లేదో, పాత అలవాటు. నాలుగు బారలు వేసి దూరంగా కనబడిన నల్లటి ఆకారం వైపు పోయాను. అది తోక ఒక్కసారి ఆడించింది, అంతే, లేదు. నా కాళ్ల కింద బురద లేచి ఎవరికీ ఏమీ కనబడలేదు. దిగిన మిగతావాళ్లూ నాలాగే తన్నుతున్నారు. గైడు పడవ మీదే నిలబడి ఫోటోలు తీస్తున్నాడు, ఒక్కమాట అనలేదు. అతని మీద కోపం తర్వాత వచ్చింది, ముందు నా మీదే వచ్చింది. వెచ్చగా పడుకున్న జంతువుని చల్లటి నీళ్లలోకి తరిమినవాణ్ణి నేనే కదా.

రెండోరోజు అమ్మాయి వేరే పడవ మాట్లాడింది. ఆరుగురే. డబ్బు ఎక్కువే, కానీ గైడు మాతోపాటు నీళ్లలోకి దిగింది. సూర్యుడు రాకముందే బయల్దేరదీసింది. మొదటి పడవల గొడవ మొదలయ్యాక మనాటీలు, వాటి కోసం మనుషులకి అడ్డంగా కట్టిన తాళ్ల వెనక్కి పోతాయట. ఆ తాళ్ల లోపలికి, ఏటా నవంబరు 15 నుంచి మార్చి 31 వరకు మనిషి పోకూడదు. ఆమె చెప్పిన మొదటి మాట నాకు కొట్టినట్టు తగిలింది: "ఇక్కడ ఈత కొట్టకండి, తేలండి." చేతులు ముందుకి ముడుచుకుని, కాళ్లు ఆడించకుండా, ముఖం నీళ్లలో పెట్టి ఊరుకోవాలి. చంకల కింద పెట్టుకోడానికి పొడవాటి నురుగు గొట్టం ఒకటి ఇచ్చారు.

ఊరుకోవడం నా వల్ల కాలేదు. కాలు దానంతటది ఆడుతుంది. మా ఆవిడని అమ్మాయి బతిమాలి దింపింది. ఆమెకి ఆడించడం తెలిస్తే కదా! భయంతో గొట్టం పట్టుకుని బిగుసుకుపోయి తేలింది. పది నిమిషాలకి కింది నుంచి ఒక మనాటీ నిదానంగా పైకొచ్చింది, ముక్కుపుటాలు మాత్రం నీటి పైన తెరిచి ఊపిరి వదిలింది. ఆ బుస్సుమన్న చప్పుడు నాకు వినబడింది. అది మా ఆవిడ ముఖం కింద రెండు నిమిషాలు నిలబడింది. దాని వెంట ఒక పిల్ల, తల్లి రెక్క పక్కన మూతి పెట్టి పాలు తాగుతోంది. చనుమొనలు అక్కడే, చంకలో ఉంటాయి. రెక్కకి చిన్న గోళ్లు. ఏనుగుకి దూరపు చుట్టం అంటే నమ్మాలనిపించింది. వీపు మీద వరసగా తెల్లటి గీతలు, పడవ మర తగిలిన మచ్చలు. ఆ మచ్చల్ని బట్టే ఒక్కోదాన్ని గుర్తుపడతారట.

2017లో దీన్ని అంతరించిపోయేవాటి జాబితా నుంచి ఒక మెట్టు దించి, ముప్పులో ఉన్న జాతుల్లో పెట్టారు. 2021లో ఫ్లోరిడాలో 1,100కి పైగా చచ్చిపోయాయి. ఎక్కువగా తూర్పు తీరాన తినే గడ్డి లేక, ఆకలితో.

బస విషయం. మేం ఊళ్లోనే హైవే పక్క మామూలు మోటెల్‌లో దిగాం. గది శుభ్రం, టిఫిను దండగ. పులిహోర, ఆవకాయ తీసుకుపోవడం మంచిదైంది. తెల్లవారుజామునే పడవ ఎక్కాలంటే ఊళ్లోనే ఉండాలి, టాంపా నుంచి వస్తే కుదరదు. శనాదివారాలు వద్దేవద్దు. నీళ్లలో దిగలేని పెద్దవాళ్లకి త్రీ సిస్టర్స్ స్ప్రింగ్స్ అనే ఊటల దగ్గర చెక్కబాట ఉంది, టిక్కెట్టు కొని పైనుంచే చూడొచ్చు. నిజం చెప్పాలంటే, బాగా చలి ఉన్న రోజున అక్కడినుంచి కనబడ్డన్ని మనాటీలు నాకు నీళ్లలో కనబడలేదు. మళ్లీ పోతే ఒకరోజు చెక్కబాట, ఒకరోజు చిన్న పడవ. పెద్ద పడవ ఊసే ఎత్తను.

ఫిబ్రవరిలో ఇంటికొచ్చాక మా ఆవిడ "ఇక్కడ మాత్రం ఎప్పుడు చూశాం?" అంది. నిజమే. నెల్లూరులో పుట్టి పెరిగి పులికాట్ సరస్సు వైపు, పక్షుల కోసం సరిగా పోయింది లేదు. అందుకే బయల్దేరాం. నేలపట్టు, సూళ్లూరుపేట 2022లో తిరుపతి జిల్లాలో కలిశాయి గానీ మా నాలుకకి ఇంకా నెల్లూరే. చెన్నై హైవే మీద పోయి దొరవారిసత్రం దగ్గర లోపలికి తిరిగితే నేలపట్టు. చెరువులోని కడప చెట్ల మీద గూడబాతుల గూళ్లు. వీటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి ఎరువని ఊళ్లోవాళ్లు కాపాడుకుంటూ వచ్చారు. కాపలా మనిషి గొంతు పెంచిన పిలకాయల్ని అక్కడికక్కడే గదమాయించాడు. క్రిస్టల్ రివర్ రెండో గైడు గుర్తొచ్చింది.

శ్రీహరికోట పోయే రోడ్డు మీద ఆ అదుపు లేదు. రెండు పక్కలా పులికాట్ నీళ్లు, దూరంగా ఫ్లెమింగోలు తల కిందులుగా ముంచి మేస్తున్నాయి. ఒక కారులోంచి కుర్రాళ్లు దిగి, గుంపు ఎగిరితే వీడియో బాగొస్తుందని చప్పట్లు, కేకలు. లేచాయి, దూరం పోయాయి. మా డ్రైవరు కూడా హారను మీద చెయ్యి వేస్తే మా ఆవిడ వద్దంది. ఇంజను ఆపించి, కారు దిగకుండా ముక్కాలు గంట కూర్చోబెట్టింది. నాలుగైదు మేస్తూ మేస్తూ రోడ్డు వైపు నడిచొచ్చాయి.

బస కోసం సూళ్లూరుపేటలో లాడ్జీలు ఉన్నాయి, కానీ నెల్లూరు నుంచి పొద్దున పోయి సాయంత్రానికి రావడమే నయం. ఆడవాళ్లకి దారిలో బాత్రూం వెతుక్కోవడం కష్టం, హైవే మీదే చూసుకోండి. భోజనం మేం కట్టుకుపోలేదు, అది తప్పు. చేపల పులుసు కోసం నెల్లూరు దాకా ఆగాం. ఆ ఆకలికి ఎక్కడ తిన్నా బాగుండేదే.