కూకట్‌పల్లి అడ్మిషన్ కన్సల్టెన్సీ: లిస్ట్‌కి నాలుగు స్టార్లు, సలహాకి ఒకటే

పేరు రాయను. రాస్తే రేపు పొద్దున్నే ఫోన్లు మొదలవుతాయి. అయినా వీళ్లొక్కళ్లే అని కాదు, కూకట్‌పల్లి నుంచి అమీర్‌పేట దాకా ఎక్కడ చూసినా ఇలాంటి ఆఫీసులే, ఇంచుమించు ఇదే సర్వీసు: ఇంజనీరింగ్ సీటుకి ఆప్షన్లు పెట్టించడం, ప్రతి రౌండ్‌లో ఏం నొక్కాలో చెప్పడం, ఏ సీటు ఎప్పుడు ఖాయం చేసుకోవాలో సలహా ఇవ్వడం. 2024లో మా మేనకోడలి కోసం రూ.15,000 కట్టి తీసుకున్నాం. పనికొచ్చిందా అంటే సగం వచ్చింది. ఆ సగం ఏంటో చెప్తాను, ఎందుకంటే మిగతా సగం డబ్బులు కట్టి మరీ విని ఇబ్బంది పడే రకం.

ముందు మంచి. అక్కడ ఒక కుర్రాడున్నాడు, ల్యాప్‌టాప్‌లో ఎక్సెల్ షీటు తెరిచాడంటే అరగంట ఎవరూ మాట్లాడరు. పచ్చ రంగు గళ్లు వచ్చే సీట్లు, పసుపు చూద్దాం అనుకునేవి, ఎరుపు ఆశ. అందులో ఉన్న ర్యాంకులన్నీ జోసా (జేఈఈ ర్యాంకులతో ఐఐటీ, ఎన్‌ఐటీ లాంటి కాలేజీల సీట్లు పంచే కౌన్సెలింగ్) సైట్‌లో ఉచితంగా దొరికేవే, ఏ కాలేజీలో ఏ బ్రాంచి ఏ ర్యాంకు దగ్గర ఆగిందో రౌండ్ల వారీగా పెడతారు. కాకపోతే అక్కడ హోమ్ స్టేట్, అదర్ స్టేట్, జెండర్ న్యూట్రల్, ఫిమేల్ ఓన్లీ అని ఒక్కో బ్రాంచికీ ఇన్ని వరసలుంటాయి, తొందరలో తప్పు వరస చూసుకుని ఆశలు పెట్టుకున్నవాళ్లు, రాదులే అని వదిలేసుకున్నవాళ్లు ఇద్దరూ నాకు తెలుసు.

మా కేసులో ఇదే తిరకాసు. అక్కావాళ్లది నరసరావుపేట. పాప ఇంటర్ చదివింది మాత్రం హైదరాబాద్‌లో. ఎన్‌ఐటీల్లో సగం సీట్లు హోమ్ స్టేట్ వాళ్లకి, ఆ హోమ్ స్టేట్ అంటే ఇంటర్ ఎక్కడ పాసయ్యారో ఆ రాష్ట్రం, ఆధార్‌లో ఉన్న ఊరు కాదు. అంటే మా పాప వరంగల్ ఎన్‌ఐటీకి సొంత రాష్ట్రం పిల్ల, తాడేపల్లిగూడెంలో ఉన్న ఎన్‌ఐటీ ఆంధ్రప్రదేశ్‌కి బయటి రాష్ట్రం పిల్ల. బావ అయితే చాలాసేపు ఒప్పుకోలేదు. "మా తాతల కాలం నుంచి అక్కడే ఉన్నాం కదయ్యా" అంటాడు. ఆ కుర్రాడు విసుక్కోకుండా రూలు తెరిచి చూపించాడు, వరంగల్‌కి హోమ్ స్టేట్‌లో అమ్మాయిల వరస, గూడెంకి అదర్ స్టేట్‌లో అమ్మాయిల వరస విడిగా తీసి ముందు పెట్టాడు. ఎంసెట్‌కి (ఏపీలో ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) లోకల్ లెక్క మళ్లీ వేరు, పాప అక్కడ ఆంధ్రా లోకలే అని కూడా అతనే చెప్పాడు. నాలుగు స్టార్లు అతనికే. ఆఫీసుకి కాదు.

ఇక అసలు గొడవ. అందరూ ఫ్రీజ్ ఎప్పుడు కొట్టాలి అని బుర్ర బద్దలు కొట్టుకుంటారు గానీ, జోసాలో మనం కమిట్ అయ్యేది చాలావరకు అంతకుముందే, ఆప్షన్ల లిస్ట్ లాక్ చేసిన రోజునే. ఎలాగంటే, ఒక సీటు వచ్చాక మూడు దార్లుంటాయి. ఫ్రీజ్ అంటే ఇదే చాలు, ఇక పై రౌండ్లలో నన్ను చూడొద్దు. స్లయిడ్ అంటే కాలేజీ ఇదే, లిస్ట్‌లో దీనికన్నా పైన పెట్టిన బ్రాంచి ఏదైనా ఇక్కడే వస్తే ఇవ్వండి. ఫ్లోట్ అంటే ఏ కాలేజీ అయినా సరే, లిస్ట్‌లో పైనుంటే చాలు, ఇవ్వండి. ఫ్లోట్ పెట్టి పైది వచ్చిందనుకోండి, చేతిలో ఉన్నది ఆ క్షణమే పోతుంది. వేరేవాళ్లకి వెళ్లిపోతుంది. రెండూ చూసుకుని ఒకటి ఎంచుకుంటాం అనే ముచ్చట లేదు. లాక్ అయ్యాక వరస మార్చడానికీ లేదు. కాబట్టి ఫ్లోట్‌లో రిస్క్ ఎంతుందో లిస్ట్ ఎంత నిజాయితీగా రాశామన్న దాన్ని బట్టే ఉంటుంది. పైన పెట్టిన ప్రతిదీ కింద ఉన్నదానికన్నా నిజంగా కావాల్సిందే అయితే ఫ్లోట్‌లో పోయేదేం లేదు, చివరిదాకా పెట్టుకోవచ్చు.

ఈ ముక్క 15,000 తీసుకున్న ఆఫీసు చెప్పలేదు. చెప్పకపోగా లిస్ట్‌లో వరంగల్ సివిల్ పైన ఎన్‌ఐటీ మేఘాలయ సీఎస్‌ఈ పెట్టారు. "కంప్యూటర్స్ కదా సార్, బ్రాంచి ముఖ్యం." కాగితం మీద బాగానే ఉంది. అక్క ఒక్క మాట అడిగింది: "అది వస్తే పంపుతామా?" బావ మాట్లాడలేదు. పాప కూడా మాట్లాడలేదు. మేఘాలయ కాలేజీ మంచిదా కాదా అన్నది కాదు ఇక్కడ, పంపే ఉద్దేశం లేనప్పుడు అది వరంగల్ పైన ఎందుకుండాలి? మొదటి రౌండ్‌లో వరంగల్ వచ్చి, ఫ్లోట్ పెట్టి, మూడో రౌండ్‌లో మేఘాలయకి లేచిపోతే ఏడుపొక్కటే మిగిలేది. తీయించేశాం. ఆ కుర్రాడు కూడా తలూపాడు, పక్కనున్న మేనేజర్ మాత్రం "మీ ఇష్టం, తర్వాత మమ్మల్ని అనొద్దు" అన్నాడు.

మీరూ లిస్ట్ మొత్తం అయ్యాక పక్కపక్కనున్న ప్రతి రెండింటినీ వేలు పెట్టి అడగండి: రెండూ ఇస్తే ఏది తీసుకుంటాం? పైది కాదు అని వస్తే వరస మార్చండి. ఆప్షన్లకి లిమిట్ లేదు, ఎన్నైనా పెట్టుకోవచ్చు, మొదటి రౌండ్ ముందు మాక్ అలాట్‌మెంట్లు, అంటే ఈ లిస్ట్‌కి ఏ సీటు రావచ్చో నమూనాగా, కూడా చూపిస్తారు. ఇంట్లో అందరూ కూర్చుని పోట్లాడుకోవడానికి అదే సరైన సమయం. రౌండ్లు మొదలయ్యాక పోట్లాడి లాభం లేదు.

మొదటి రౌండ్ జూన్ 20న వచ్చింది. వరంగల్ సివిల్. ఆఫీసు నుంచి వెంటనే ఫోన్: "కంగ్రాట్స్ సార్, ఎన్‌ఐటీ వచ్చేసింది, ఫ్రీజ్ కొట్టేయండి, రిస్క్ ఎందుకు?" పైన ఈసీఈ ఉంది, ఈఈఈ ఉంది, గూడెం సీఎస్‌ఈ ఉంది, వరంగల్ మెకానికల్ ఉంది, అన్నీ పాప సివిల్ కన్నా ఇష్టపడి పెట్టుకున్నవే, మరి రిస్క్ ఏంటి అని అడిగితే సమాధానం లేదు. నాకు తర్వాత అర్థమైంది. ఫ్రీజ్ కొడితే మా ఫైలు క్లోజ్. నాలుగు రౌండ్ల పాటు మా ఫోన్లు ఎత్తే పని లేదు. వాళ్ల టెన్షన్ తగ్గడానికి మన పిల్లల సీటు ఫ్రీజ్ చేయడం ఏంటండీ?

ఫ్లోట్ పెట్టాం. ఆ ఏడాది ఐదు రౌండ్లు. పాపకి చివరికి వరంగల్ మెకానికల్ వచ్చింది, గూడెం సీఎస్‌ఈ రాలేదు. కాసేపు మూతి ముడుచుకుంది, తర్వాత సర్దుకుంది. అద్భుతం ఏం జరగలేదు, కాకపోతే మొదటి రోజు ఫ్రీజ్ కొట్టి ఉంటే సివిల్ దగ్గరే ఆగేది. ఒకటి మాత్రం నిజం, ఫ్లోట్ అంటే మర్చిపోయి పడుకోవడం కాదు. సీటు వచ్చాక గడువులోపు యాక్సెప్టెన్స్ ఫీజు కట్టాలి, సర్టిఫికెట్లు అప్‌లోడ్ చేయాలి, వాళ్లు ఏదైనా క్వెరీ పెడితే టైమ్‌లో జవాబివ్వాలి. ఏది తప్పినా ఆ సీటూ పోతుంది, తర్వాతి రౌండ్లూ పోతాయి. మధ్యలో మనసు మారితే ఫ్లోట్ నుంచి ఫ్రీజ్‌కి రావచ్చు. పూర్తిగా వద్దనుకుంటే విత్‌డ్రా కూడా ఉంది, కానీ చివరి రౌండ్ ముందు వరకే.

ఇప్పుడు ఒక్క స్టార్ ఎందుకో. ఏప్రిల్‌లో, అంటే జేఈఈ మెయిన్ రెండో సెషన్ రిజల్ట్ కూడా రాకముందే, ఒక ప్రైవేటు యూనివర్సిటీ వాళ్లు బావకి రోజూ ఫోన్ చేసేవాళ్లు. ఈ రాత్రి 12 లోపు లక్ష కట్టకపోతే సీఎస్‌ఈ సీటు పోతుంది అని. బావ కట్టేశాడు. ఇది జరిగాకే మేం కన్సల్టెన్సీకి వెళ్లాం. వాళ్లు చెప్పాల్సిన మొదటి మాట ఏంటి, రిఫండ్ రూలు చూద్దాం అని. చెప్పింది ఏంటంటే, "మిగతాది కూడా కట్టి సేఫ్ చేసుకోండి సార్, ఆ లక్ష ఎలాగూ వెనక్కి రాదు." అదే యూనివర్సిటీ బ్రోషర్లు వాళ్ల టేబుల్ మీద బొత్తిగా పేర్చి ఉన్నాయి. కమీషన్ ఉందో లేదో నేను చూడలేదు, ఆ బొత్తి మాత్రం చూశాను.

తేదీలు చూడండి, విషయం మీకే తెలుస్తుంది. 2024లో ఏపీ ఎంసెట్ ఇంజనీరింగ్ పరీక్ష మే 18న మొదలైంది, రిజల్ట్ జూన్ 11న. జేఈఈ అడ్వాన్స్‌డ్ రిజల్ట్ జూన్ 9న, ఆ మర్నాటి నుంచి జోసా. ఎంసెట్ కౌన్సెలింగ్ జులైలో. ప్రైవేటు వాళ్ల ఆఖరు తేదీ ఏప్రిల్‌లో. అంటే మన చేతిలో ఒక్క ర్యాంకైనా పడకముందే నిర్ణయం అడుగుతున్నారు. ఆ తేదీ సీటుకి కాదు, డబ్బుకి. పైగా ఆంధ్రలో కొన్ని ప్రైవేటు యూనివర్సిటీల్లో 35 శాతం సీట్లు కన్వీనర్ కోటాలో ఎంసెట్ ద్వారానే నింపుతారు. ఏప్రిల్‌లో లక్షలు పోసి కొనుక్కునే సీటు జులైలో ర్యాంకుతో, కన్వీనర్ ఫీజుకి, అదే క్యాంపస్‌లో దొరికే అవకాశం ఉందన్నమాట. ఇది చెప్పడానికి కన్సల్టెన్సీ ఎందుకు, కానీ వాళ్లయినా చెప్పాలి కదా.

ఆ లక్ష సంగతి. 2024-25కి యూజీసీ, అంటే యూనివర్సిటీలకి రూల్స్ పెట్టే కేంద్ర సంస్థ, స్పష్టంగా చెప్పింది: సెప్టెంబర్ 30 లోపు అడ్మిషన్ రద్దు చేసుకుంటే పూర్తి ఫీజు వెనక్కి ఇవ్వాలి, అక్టోబర్ 31 లోపు అయితే రూ.1,000 మించి కోయకూడదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు తమ దగ్గర పెట్టుకోకూడదన్న రూలు అంతకుముందు నుంచే ఉంది. వరంగల్ సీటు ఖాయమయ్యాక మెయిల్ పెట్టాం. నాన్ రిఫండబుల్ అని ఫారంలో సంతకం చేశారు కదా అని జవాబు. యూజీసీ సర్క్యులర్ జతచేసి, ఈ-సమాధాన్ పోర్టల్‌లో ఫిర్యాదు పెడుతున్నాం అని ఇంకో మెయిల్. వినాయక చవితి వెళ్లాక డబ్బులు పడ్డాయి, ప్రాసెసింగ్ పేరుతో కొంత కోసి. ఇంకోసారి రాస్తే అదీ వేశారు. బావ ఇప్పుడు అది తన విజయంగా చెప్పుకుంటాడు, చెప్పుకోనీ.

మీరు ఇలాంటి చోట డబ్బు కట్టే ముందు ఆ ఏడాది యూజీసీ నోటీసులో తేదీ ఏంటో చూసుకోండి, ఏటా వేరుగా ఇస్తారు. చేతిలో ఏదీ లేకపోతే నిద్ర పట్టదు అనుకునేవాళ్లు ఉంటారు, మా బావ లాగా, వాళ్లని తప్పు పట్టను. కట్టండి, అడ్వాన్స్ వరకే కట్టండి, మొత్తం ఫీజు వద్దు. ఒరిజినల్ టీసీ మాత్రం ఎట్టి పరిస్థితుల్లో ఇవ్వకండి. రూలు ఎలా ఉన్నా, టీసీ వాళ్ల బీరువాలో ఉంటే బేరం వాళ్లదే.

మాకు నిజమైన సేఫ్టీ ఎంసెట్ ఇచ్చింది. ఏపీ ఎంసెట్‌లో పాపకి గుంటూరు పక్క మంచి కాలేజీలు వచ్చే ర్యాంకే ఉంది, ఆర్‌వీఆర్ అండ్ జేసీ లాంటివి. ఆ లెక్క తెలిశాక ఇంట్లో టెన్షన్ సగం తగ్గింది. అక్కడా ఇదే తర్కం, రెండో విడతలో కొత్త సీటు వస్తే మొదటిది దానంతట అదే రద్దు.

చివరగా వాళ్లు చెప్పకుండా వదిలేసిన ఇంకో విషయం. జోసా రౌండ్లన్నీ అయ్యాక ఎన్‌ఐటీ సీటు ఉన్నవాళ్లు పార్షియల్ అడ్మిషన్ ఫీజు అని ఇంకోటి కట్టాలి. మొదటి రౌండ్‌లోనే ఫ్రీజ్ చేసుకున్నవాళ్లు కూడా కట్టాల్సిందే, కట్టకపోతే అంతదూరం కాపాడుకున్న సీటు రద్దు. ఆఫీసు నుంచి ఫోనూ లేదు, మెసేజూ లేదు. పాపే సైట్‌లో చూసి "మామయ్యా, ఇంకో పేమెంట్ ఉందట" అని చెప్పింది. అప్పుడు నేను ఫోన్ చేస్తే మేనేజర్ ఎత్తాడు, అవును సార్ కట్టేయండి అని, అదే ఊపులో జోసా అయ్యాక మిగిలిన సీట్లకి పెట్టే సీశాబ్ (CSAB) స్పెషల్ రౌండ్లకి కూడా వెళ్దామా, దానికి విడిగా 5,000 అవుతుంది అన్నాడు. అందులో కొత్త సీటు వస్తే మెకానికల్ పోతుంది కదా అని అడిగాను. "అది మీరు చూసుకోవాలి సార్" అన్నాడు.