సూర్య, భూమి, చంద్ర నమూనా: ఏడాది వాడిన తర్వాత

నల్లగొండ జిల్లాలోని ఒక ఉన్నత పాఠశాలలో భౌతికశాస్త్రం బోధిస్తున్న నేను, ఋతువుల పాఠం కోసం గత జూన్‌లో ఒక బోధనోపకరణాల దుకాణంలో బల్ల మీద పెట్టుకునే సూర్య, భూమి, చంద్ర నమూనాను 1,850 రూపాయలకు కొన్నాను. మధ్యలో సూర్యుడికి బదులు చిన్న బల్బు, దాని చుట్టూ చేతితో తిప్పే పొడవాటి ప్లాస్టిక్ కాడ, కాడ చివర 12 సెంటీమీటర్ల గ్లోబు, దాని పక్కన తీగకు గుచ్చిన చంద్రుడు ఉంటాయి.

కొనేముందు ముఖ్యంగా చూడవలసింది ఒక్కటే: కాడను ఎటు తిప్పినా గ్లోబు అక్షం ఒకే దిక్కుకు ఉండాలి. భూమి అక్షం 23.5 డిగ్రీలు ఒరిగి ఏడాది పొడవునా ధ్రువ నక్షత్రం వైపే చూస్తుంది కనుకనే జూన్‌లో ఉత్తరార్ధగోళం, డిసెంబరులో దక్షిణార్ధగోళం సూర్యుడి వైపు వాలి ఉంటాయి. నమూనాలో ఈ పని చేసేది కాడ లోపలి రబ్బరు బెల్టు. మేము కొన్నదానిలో అది మూడో నెలకే సాగి జారిపోవడంతో అక్షం కాడతోపాటే తిరిగి, ఉత్తర ధ్రువం ఎప్పుడూ బల్బు వైపే వాలి, మనకు పన్నెండు నెలలూ ఎండాకాలమే అయింది (నల్లగొండ వాళ్లకు అదేమంత వింతగా తోచకపోవచ్చు). దుకాణంలో విడి బెల్టు దొరకలేదు; పాత టేప్ రికార్డర్లు బాగుచేసే మిత్రుడు ఇచ్చిన బెల్టు సరిపోయింది. కాబట్టి దుకాణంలోనే నాలుగైదు చుట్లు తిప్పి చూసి తీసుకోవడం మంచిది.

"ఎండాకాలంల భూమి సూర్యునికి దగ్గరికొస్తది కద సార్" అని ఏటా ఎవరో ఒకరు అడుగుతారు. నిజానికి భూమి సూర్యుడికి అత్యంత దగ్గరగా, సుమారు 14 కోట్ల 71 లక్షల కిలోమీటర్ల దూరంలో ఉండేది మనకు చలి వేసే జనవరి మొదటి వారంలోనే. ఈ మాట నోటితో చెప్పినప్పటికంటే, గ్లోబు మీద 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర గుండుసూది ముక్కను మైనంతో నిలబెట్టి కాడను తిప్పినప్పుడు పిల్లలకు బాగా అర్థమైంది. సూది నీడ ఒక చుట్టులో రెండుసార్లు మాయమవుతుంది. నల్లగొండలో అవి మే 8, ఆగస్టు 4 ప్రాంతాలు. మేలో బడికి సెలవులు కాబట్టి ఆగస్టులో, మబ్బుల మధ్య దొరికిన కాసేపట్లో, మధ్యాహ్నం 12 గంటల 19 నిమిషాల వేళ మైదానంలో నిలబెట్టిన పైపు నీడ దాని మొదట్లోకే ముడుచుకుపోవడాన్ని పిల్లలు కళ్లారా చూశారు.

చంద్రకళలు చూపడానికి నమూనా బాగా పనికొస్తుంది. గ్రహణాల విషయంలో మాత్రం తప్పుదారి పట్టిస్తుంది: చంద్రుడి కక్ష్య భూకక్ష్యకు సుమారు 5 డిగ్రీలు వాలి ఉండగా, ఇందులో రెండూ ఒకే మట్టంలో ఉండటం వల్ల ప్రతి పున్నమికీ, ప్రతి అమావాస్యకూ గ్రహణమే పడుతుంది. తీగను కాస్త పైకి వంచితే చంద్రుడు గ్లోబు నీడను తప్పించుకుంటాడు.

పెట్టె మీద "కచ్చితమైన కొలతలు" అని ముద్రించడం నాకు నచ్చలేదు. ఈ గ్లోబు లెక్కన సూర్యుడు 13 మీటర్ల వెడల్పుతో 1.4 కిలోమీటర్ల దూరంలో ఉండాలి. అంత చోటు మాకు లేదు. చంద్రుడికి కావలసింది 3.6 మీటర్లే కనుక, గ్లోబును బల్ల మీద ఉంచి, తలుపు దగ్గర ఒక విద్యార్థి చేతికి చిన్న నిమ్మకాయ ఇచ్చి నిలబెడుతున్నాను.