యాంటీవైరస్‌నే పడగొట్టే వైరస్ మీద డిఫెండర్ ఆఫ్‌లైన్ స్కాన్: ఏళ్లుగా వాడాక నా మాట

నాది డీటీపీ షాపు. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీ డిజైన్లు. పొద్దున షట్టర్ ఎత్తిన దగ్గర్నుంచి ఎవరెవరివో పెన్‌డ్రైవ్‌లు మా సిస్టమ్‌లకు ఎక్కుతూనే ఉంటాయి. అను ఫాంట్లు, పేజ్‌మేకర్ మధ్య పనిచేసినవాళ్లకు మిగతాది చెప్పక్కర్లేదు. మామూలు వైరస్‌లు మాకు జలుబులాంటివి, వస్తాయి, పోతాయి. యాంటీవైరస్‌ని ముందు పడగొట్టి, ఆ తర్వాత తీరిగ్గా తన పని మొదలుపెట్టే రకం ఉంది చూశారూ, దానితోనే అసలు తంటా. దాని మీద నేను ఎక్కువగా వాడుతున్నది విండోస్‌లోనే ఉచితంగా ఉండే డిఫెండర్ అనే యాంటీవైరస్‌లోని ఆఫ్‌లైన్ స్కాన్. దానికి తోడు ఒక రెస్క్యూ పెన్‌డ్రైవ్ (విండోస్ లేవకుండానే డిస్క్‌ను స్కాన్ చేసేది), ఆటోరన్స్ అనే చిన్న టూలు (విండోస్‌తో పాటు ఏమేం లేస్తున్నాయో చూపించేది).

ముందు రోగం ఎలా కనిపిస్తుందో చెప్తాను. విండోస్ సెక్యూరిటీ తెరిస్తే రియల్ టైమ్ ప్రొటెక్షన్ (ఎప్పటికప్పుడు కాసే కాపలా) బటన్ బూడిదరంగులో ఉంటుంది, నొక్కినా కదలదు. పైన సన్నటి ఎర్ర అక్షరాల్లో "ఈ సెట్టింగ్‌ను మీ అడ్మినిస్ట్రేటర్ మేనేజ్ చేస్తున్నారు" అని ఉంటుంది. మా షాపులో అడ్మినిస్ట్రేటర్ ఎవరయ్యా అంటే నేనే! రిజిస్ట్రీలో (విండోస్ తన సెట్టింగులు దాచుకునే చోటు) పాలసీల కింద, అంటే ఆఫీసు అడ్మిన్‌లు పెట్టే నిబంధనల కింద, ఎవరో ఒక విలువ మార్చేసి, ఇదేదో పెద్ద ఆఫీసు కంప్యూటర్ అని విండోస్‌ను నమ్మించారన్నమాట. టాస్క్ మేనేజర్ పిలిస్తే రాదు. యాంటీవైరస్ కంపెనీల సైట్లు ఒక్కటీ తెరుచుకోవు, యూట్యూబ్ మాత్రం హాయిగా నడుస్తుంది. నెట్ పోలేదు, ఆ సైట్ల పేర్లను హోస్ట్స్ ఫైల్లో (ఏ సైట్ పేరు ఏ అడ్రసుకు వెళ్లాలో చెప్పే ఫైలు) రాసి దారి మూసేశారు.

ఇది కొత్త విద్యేం కాదు. 2008 చివర్లో వచ్చిన కాన్‌ఫికర్ అనే వైరస్ ఇదే చేసింది: విండోస్ అప్‌డేట్ ఆపేసింది, సెక్యూరిటీ సైట్లు అడ్డుకుంది, పెన్‌డ్రైవ్‌ల మీద ఊరేగింది. దానికన్నా ముందునుంచీ ఉన్న సాలిటీ అనే వైరస్ ఇంకా మొండిది. యాంటీవైరస్‌ను చంపడమే కాక, సేఫ్ మోడ్‌కు (అత్యవసరమైన వాటితోనే విండోస్ లేచే పద్ధతి) కావాల్సిన రిజిస్ట్రీ కీలను కూడా తుడిచేసేది. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి చూద్దామంటే నీలి తెర పడేది. ఈ మధ్య కాలంలో ఎక్కువ ఏడిపించింది స్టాప్ జెవూ అనే రాన్సమ్‌వేర్ కుటుంబం, ఫైళ్లకు తాళం వేసి డబ్బడిగే రకం. డబ్బు కట్టకుండా సాఫ్ట్‌వేర్ వాడుకోవడానికి దింపుకునే క్రాకులు, కీజెన్‌ల వెంటే వచ్చేది. క్రాక్ జిప్‌లో ఉండే రీడ్‌మీ ఫైల్ మొదటి లైనే "ముందు యాంటీవైరస్ ఆఫ్ చేయండి". అంటే వైరస్ రాసినవాడు సగం పని మనచేతే చేయిస్తున్నాడు, మిగతా సగమే వాడిది.

డబ్బు పెట్టి కొన్న యాంటీవైరస్ కూడా ఈ దెబ్బకు పడటం మా షాపులో చూశాను. ఐకాన్ ఉంటుంది, క్లిక్ చేస్తే ఏమీ జరగదు. ఇన్‌స్టాలర్ మళ్లీ నడిపితే ఒక్క క్షణం మెరిసి మాయమవుతుంది. ఏది కొన్నామన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. వైరస్ నడుస్తున్న విండోస్‌లోనే కూర్చుని ఆ వైరస్‌ను పట్టుకోమంటే ఏ ప్రోగ్రామైనా ఎంతని చేస్తుంది?

ఆఫ్‌లైన్ స్కాన్ పనికొచ్చేది సరిగ్గా ఇక్కడే. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్‌లో స్కాన్ ఆప్షన్స్‌కు వెళ్లి, చివరున్న ఆఫ్‌లైన్ స్కాన్ ఎంచుకుని స్కాన్ నౌ నొక్కాలి. పని సేవ్ చేసుకోమంటుంది, సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. అసలు విండోస్ లేవకముందే రికవరీ ఎన్విరాన్‌మెంట్‌లో (విండోస్ చెడితే బాగుచేసుకోవడానికి విడిగా ఉండే చిన్న వ్యవస్థ) స్కానర్ ఒక్కటే లేస్తుంది. ఆ సమయానికి వైరస్ డిస్క్ మీద ఉత్త ఫైల్‌గా పడి ఉంటుంది, ఎదురుతిరిగే ప్రాణం దానికి ఉండదు. ఓ పావుగంటలో పని ముగించి, దానంతటదే మళ్లీ మామూలు విండోస్‌లోకి వచ్చేస్తుంది. ఏం దొరికిందో ప్రొటెక్షన్ హిస్టరీలో చూసుకోవాలి. 2016లో వచ్చిన విండోస్ 10 యానివర్సరీ అప్‌డేట్ నుంచి ఇది సిస్టమ్‌లోనే ఉంది, అంతకుముందు దీన్ని సీడీకో పెన్‌డ్రైవ్‌కో ఎక్కించుకోవాల్సి వచ్చేది.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. ఏ డ్రైవ్ చూడాలి, ఏ ఫోల్డర్ చూడాలి అని మనం చెప్పే వీలు లేదు. వైరస్ అప్‌డేట్లు ఆపేసి ఉంటే పాత డెఫినిషన్లతోనే (వైరస్‌లను గుర్తుపట్టే జాబితా) స్కాన్ నడుస్తుంది, కాబట్టి మంచి కంప్యూటర్లో మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి డెఫినిషన్ల ఫైల్ దింపి, తెచ్చి నడిపాకే స్కాన్ మొదలుపెట్టాలి. అన్నిటికన్నా పెద్ద ఇబ్బంది, రికవరీ ఎన్విరాన్‌మెంట్ లేని సిస్టమ్‌లో ఇది అసలు నడవదు. రీస్టార్ట్ అయి నేరుగా డెస్క్‌టాప్‌కే వచ్చేస్తుంది. అసెంబ్లింగ్ చేసేవాళ్లు వేసిచ్చే "లైట్" విండోస్‌లలో రికవరీనీ డిఫెండర్‌నీ ముందే పీకేసి ఉంటారు. స్పీడు బాగుందని అందరూ మెచ్చుకునేది ఆ విండోస్‌నే మరి.

అలాంటిచోట రెస్క్యూ పెన్‌డ్రైవ్ తీస్తాను. నేను వాడేది కాస్పర్‌స్కై రెస్క్యూ డిస్క్, ఉచితం, విండోస్ కాకుండా లైనక్స్ అనే వేరే సిస్టమ్ మీద నడుస్తుంది. అమెరికాలో ఆ కంపెనీ ఉత్పత్తుల అమ్మకాన్ని 2024లో నిషేధించారు, కాబట్టి అక్కడున్న మనవాళ్లు వేరేది చూసుకోవాలి. వైరస్ ఉన్న సిస్టమ్‌లో దీన్ని తయారు చేయకూడదు, పక్క షాపు కంప్యూటరైనా అడిగి తీసుకోండి. ఫోల్డర్లు ఎంచుకునే వీలుంది, కానీ మొత్తం డిస్క్ అంటే గంటలు పడుతుంది. బిట్‌లాకర్ (డిస్క్‌కు విండోస్ వేసే తాళం) వేసిన లాప్‌టాప్ అయితే కీ లేకుండా దానికి డిస్క్‌లో ఏమీ కనబడదు. కొత్త విండోస్ 11 లాప్‌టాప్‌లలో ఆ ఎన్‌క్రిప్షన్ చాలావాటికి దానంతటదే ఆన్ అయి ఉంటుంది, కీ మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. అవసరం రాకముందే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి.

"ఇదంతా ఎందుకన్నా, ఫార్మాట్ కొట్టేద్దాం" అంటాడు మా కుర్రాడు. మనవాళ్ల ఫార్మాట్ అంటే సీ డ్రైవ్ ఒక్కటే. డీ డ్రైవ్‌లో ఏళ్లనాటి సెటప్ ఫైళ్లు అలాగే ఉంటాయి: పేజ్‌మేకర్, ఫాంట్ మేనేజర్, ప్రింటర్ డ్రైవర్. సాలిటీ లాంటివి అంటుకునేది ఆ ఈఎక్స్ఈ (ప్రోగ్రాం) ఫైళ్లకే. కొత్త విండోస్ వేసి, ఫాంట్ల కోసం పాత సెటప్ మీద డబుల్ క్లిక్ కొట్టగానే కథ మళ్లీ మొదటికొస్తుంది. ఫార్మాట్ కొట్టినా సరే, ముందు డీ డ్రైవ్‌ను రెస్క్యూ డిస్క్‌తో స్కాన్ చేయండి.

ఇక అసలు విషయానికొస్తాను. ఆఫ్‌లైన్ స్కాన్ అయింది, వైరస్ ఫైల్ పోయింది, షీల్డ్ మీద ఆకుపచ్చ టిక్ వచ్చింది. "వచ్చేసిందన్నా, పని మొదలెట్టనా?" అంటాడు కుర్రాడు. ఆగమంటాను. వైరస్ అండ్ థ్రెట్ ప్రొటెక్షన్ సెట్టింగ్స్‌లో బాగా కిందికి జరిపితే ఎక్స్‌క్లూజన్స్ అని ఉంటుంది, యాంటీవైరస్ చూడకూడని చోట్ల జాబితా అది. ఒకసారి అక్కడ ఒకే ఒక్క ఫోల్డర్ పేరు కనిపించింది: సీ డ్రైవ్. మొత్తం సీ డ్రైవ్! యాంటీవైరస్ ఆన్‌లోనే ఉంది, టిక్ పచ్చగానే ఉంది, కానీ విండోస్ ఉన్న డ్రైవ్‌లోకే తొంగిచూడటం లేదు. ఆఫ్ చేస్తే ఎవరైనా గమనిస్తారు, ఇలా కళ్లకు గంతలు కడితే ఎవరూ గమనించరు. అడ్మిన్ హక్కులు దొరికితే పవర్‌షెల్‌లో (ఆదేశాలు టైప్ చేసే విండోస్ టూలు) ఒక్క లైనుతో అయిపోయే పని ఇది. 2019లో వచ్చిన ట్యాంపర్ ప్రొటెక్షన్ మంచిదే, రియల్ టైమ్ ప్రొటెక్షన్‌ను బయటి ప్రోగ్రాములు ఆపకుండా కాస్తుంది. కానీ మనలాంటి వాళ్ల సొంత కంప్యూటర్లలో ఈ జాబితాకు దాని కాపలా లేదు.

ఆ జాబితా ఖాళీ చేశాక ఆటోరన్స్ తెరుస్తాను. మైక్రోసాఫ్ట్ వాళ్లదే, ఉచితం. అందులో ఇమేజ్ హైజాక్స్ అనే ట్యాబ్ ఉంది. యాంటీవైరస్ ఈఎక్స్ఈని పిలిస్తే దాని బదులు ఇంకేదో లేచేలా పెట్టిన కిటుకులు అక్కడ బయటపడతాయి. ఇన్‌స్టాలర్ మెరిసి మాయమవడానికి కారణం చాలాసార్లు అదే. గులాబీ రంగు వరుసలు తయారుచేసినవాళ్ల డిజిటల్ సంతకం సరిచూడలేని ఫైళ్లు, పసుపు వరుసలు అసలు ఫైలే లేనివి. గులాబీ అయినంత మాత్రాన వైరస్ కాదు, మన పాత ఫాంట్ టూల్స్ కూడా గులాబీలోనే కనిపిస్తాయి. తెలియనిది తీసేయకుండా ముందు టిక్ మాత్రం తీసి చూడండి. హోస్ట్స్ ఫైల్, పాలసీ కీలు చేత్తోనే సరిచేయాలి, రెస్క్యూ డిస్క్ వైరస్‌ను చంపుతుంది గానీ అది మార్చిన సెట్టింగులన్నీ వెనక్కి తిప్పుతుందని అనుకోవద్దు. తీసేశాక కూడా యాంటీవైరస్ ఆన్ కావట్లేదంటే వైరస్ ఇంకా ఉందని కంగారుపడేవాళ్లు చాలామంది, తరచుగా మిగిలి ఉండేది ఆ పాలసీ ఒక్కటే.

ఒక్క సంగతిలో మాత్రం ఈ టూల్స్ ఏవీ అక్కరకు రావు. జెవూ వెంట అజోరల్ట్ అనే పాస్‌వర్డ్ దొంగ కూడా వచ్చిన సందర్భాలున్నాయి. బ్రౌజర్లో సేవ్ చేసిన జీమెయిల్, నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్‌లు అప్పటికే వెళ్లిపోయి ఉంటే స్కాన్ వాటిని తిరిగి తేలేదు. నేను ఆఫ్‌లైన్ స్కాన్ నొక్కి, అది నడిచే ఆ పావుగంటా ఫోన్లో పాస్‌వర్డ్‌లు మారుస్తూ కూర్చుంటాను. ఖాతాలోంచి డబ్బే పోయిందనుకోండి, స్కాన్ సంగతి తర్వాత, ముందు సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ కొట్టండి.