గ్రేఫ్రయర్స్ కిర్క్: కుక్క ముక్కు దగ్గరే ఆగిపోకండి

ఎడిన్‌బరా వచ్చినవాళ్ళు చాలామంది గ్రేఫ్రయర్స్ కిర్క్ (స్కాట్లాండ్‌లో చర్చిని కిర్క్ అంటారు) దాకా నడిచి, వీధి మూలనున్న బాబీ అనే కుక్క విగ్రహం ముక్కు రుద్ది, ఫొటో దిగి వెనక్కి తిరుగుతారు. 1873 నాటి కంచు అది. రుద్దిరుద్ది ముక్కు మీది నల్లరంగు అరిగిపోయింది. దయచేసి ముట్టుకోకండి. అసలు చూడాల్సింది పక్క గేటు లోపలుంది. టికెట్ లేదు, ఒక్క పౌండూ అడగరు. వేవర్లీ స్టేషన్ నుంచి పావుగంట నడక, కాస్త ఎక్కుడు.

చర్చిని 1602లో మొదలుపెట్టి 1620లో తెరిచారు. మతసంస్కరణలో స్కాట్లాండ్ కాథలిక్ మతం వదిలి ప్రొటెస్టెంట్ అయిన తర్వాత ఎడిన్‌బరాలో కట్టిన మొదటి చర్చి ఇదే. అయినా మొనతేలిన కిటికీలు, గోడలకు ఊతంగా బట్రెస్‌లు పాత గోతిక్ పద్ధతిలోనే ఉంటాయి. 1718లో పడమటి టవర్‌లో దాచిన తుపాకిమందు పేలి ఆ కొస కూలిపోయింది. మిగిలిన భాగానికి అడ్డుగోడ కట్టి, దాని వెనక పడమటికి పొడిగిస్తూ రెండో చర్చి లేపారు. అలా ఒకే కప్పుల వరుస కింద రెండు సంఘాలు వీపులు ఆనించుకుని రెండు వందల ఏళ్ళు ఆరాధన చేసుకున్నాయి. 1929లో ఏకమయ్యాక, 1930లలో ఆ గోడ తీసేశారు. లోపలికి వెళ్ళగానే నడిమధ్య నిలబడి రెండు వైపులా చూడండి. ఇంత పొడవు ఎందుకో అప్పుడు అర్థమవుతుంది. చలికాలంలో తలుపులు తెరిచే రోజులు తక్కువ, ముందే కనుక్కుని వెళ్ళండి.

ఇక సమాధుల ఆవరణ. 1562లో స్కాట్లాండ్ రాణి మేరీ ఊరికిచ్చిన స్థలం. సంపన్నుల సమాధులు ప్రహరీ గోడకు ఆనించి, చిన్న మండపాల్లా ఉంటాయి: స్తంభాలు, పుర్రెలు, ఇసుక గడియారాలు, రెక్కల తలలు. చాలా వాటి మీద అక్షరాలు పోయాయి. ఇసుకరాయి పొరలు పొరలుగా ఏర్పడుతుంది. ఆ పొరలు నిలువుగా వచ్చేలా రాయిని నిలబెడితే నీరు దూరి, గడ్డకట్టి, ముఖమంతా పెచ్చుగా ఊడిపోతుంది. వేలు పెడితే రాలుతుంది, అందుకే కాగితం వేసి అచ్చు తీయొద్దు. పడమటి గోడ చెక్కడాలు తూర్పుకు చూస్తాయి కాబట్టి వాటికి పొద్దున వెళ్ళండి, తూర్పు గోడకు మధ్యాహ్నం దాటాక.

నేలమీద రెండు ఇనుప పంజరాలు కనిపిస్తాయి. వాటిని మోర్ట్‌సేఫ్ అంటారు. శవాలు తవ్వి వైద్య కళాశాలలకు అమ్మేవాళ్ళుండేవారు. శవం కోతకు పనికిరాకుండా కుళ్ళేదాకా పంజరం కాపలా. 1832 చట్టంతో శవాలు న్యాయంగా దొరకడం మొదలై ఆ వ్యాపారం ఆగింది.

దక్షిణాన తాళం వేసిన గేటు వెనకది కవెనంటర్ల జైలు. చర్చి మీద రాజు పెత్తనాన్ని ఒప్పుకోని స్కాటిష్ ప్రొటెస్టెంట్లు వాళ్ళు. 1679లో వెయ్యిమందికి పైగా ఖైదీలను అక్కడి బయలులో, కప్పు లేకుండా ఉంచారు. ఇప్పుడు కనిపించే సమాధి గదులు తర్వాత కట్టినవి. వాటిలోనే బంధించారని ఎవరైనా చెబితే నమ్మకండి. లోపలికి వెళ్ళాలంటే గైడ్ టూరే దిక్కు. రాత్రి దెయ్యాల టూర్లకు మాత్రం డబ్బు పెట్టొద్దు. చీకట్లో ఒక్క చెక్కడమూ కనిపించదు, పైగా అంతమంది చచ్చిన చోట కేకలు పెట్టించడం మనసుకు పట్టదు.

నేల ఏటవాలు, వానపడితే గడ్డి జారుతుంది, పట్టున్న బూట్లు వేసుకోండి. అరగంటకే పిల్లలు విసుగుపడతారు. రోడ్డు దాటితే నేషనల్ మ్యూజియం: ప్రవేశం ఉచితం, టాయిలెట్లూ అక్కడే. ఒకరు పిల్లలతో అటు వెళ్తే, ఇంకొకరికి పడమటి గోడ దగ్గర ఇంకో గంట దొరుకుతుంది.