72 ఐటమ్స్ సర్వైవల్ కిట్ ఆర్డర్ పెట్టేముందు ఇది చదవండి

మాది విజయవాడ సింగ్‌నగర్. 2024 సెప్టెంబర్ 1న బుడమేరు వాగు మా వీధిలోకొచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ నాలుగు రోజులు మేడ మీదే ఉన్నాం, కరెంట్ లేదు, సిగ్నల్ లేదు, చుట్టూ నీళ్లే గానీ తాగడానికి చుక్క లేదు. ఆ భయం పోక ఇంట్లో ఎమర్జెన్సీ కిట్ ఒకటి ఉండాల్సిందే అని పోయినేడాది నేనే పట్టుబట్టి ఆన్‌లైన్‌లో '72 ఇన్ 1 సర్వైవల్ కిట్' అని 2,499 పెట్టి తెప్పించా. సంచి చూస్తే మిలిటరీ వాళ్లదేమో అన్నట్టుంది. జిప్పు తీసి పైపైన చూసి అటక మీద పెట్టేశా, నా తప్పు అక్కడే మొదలైంది.

2025 అక్టోబర్ 28 రాత్రి మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటింది కదా, ఆ రాత్రి మా వీధిలో కరెంట్ పోయింది, నేను గొప్పగా కిట్ దించా. టార్చ్ వెలిగింది, పావుగంటకల్లా కొవ్వొత్తి నయం అనిపించింది. పవర్ బ్యాంక్ మీద కెపాసిటీ 20000 ఎంఏహెచ్ అని రాసుంది, నా ఫోన్‌ని 30 నుంచి 62 శాతం దాకా లాక్కొచ్చి ఆగిపోయింది. పొద్దున్నే కిరాణా కొట్టులో కాటా మీద పెట్టిస్తే 130 గ్రాములు తూగింది! నిజమైన 20000ది ఎంత లేదన్నా 300 గ్రాములు దాటాలి, లోపలి సెల్స్ బరువే అంత ఉంటుంది. పైగా పవర్ బ్యాంక్‌కి బీఐఎస్ (వస్తువుల నాణ్యత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) రిజిస్ట్రేషన్ తప్పనిసరి, వస్తువు మీద ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబర్ ఉండాలి, దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూసుకోవచ్చు. దీని మీద అసలు నంబరే లేదు, తయారుచేసినోడి పేరు లేదు, ఎక్కడ తయారైందో లేదు.

72 ఐటమ్స్ లెక్క ఎలా వచ్చిందా అని కూర్చుని లెక్కపెట్టా. బ్యాండ్ ఎయిడ్‌లు 20, కాటన్ బడ్స్ 20, పిన్నీసులు 10, ఒక్కోటీ ఒక్కో ఐటమ్ అన్నమాట! మిగతావాటిలో చేపల గాలాలు, తీగ రంపం, నిప్పు పుట్టించే రాయి. మునిగిపోయిన ఇంటి మేడ మీద నేను ఏ చెట్టు కొయ్యాలి? బిర్యానీ పొట్లం కట్టే కాయితం లాంటి దుప్పటి ఒకటి, హిమాలయాలెక్కేవాళ్లకి పనికొస్తుందేమో, మన ఉక్కపోతలో దాన్ని కప్పుకుంటే ఉడికిపోతాం.

అన్నిటికంటే డేంజర్ ఆ నీళ్ల స్ట్రా, అంటే లోపల ఫిల్టర్ ఉండి మురికి నీళ్లని పీల్చి తాగే గొట్టం. 'ఏ నీళ్లయినా తాగొచ్చు' అని బాక్స్ మీద రాశాడు. మంచి కంపెనీల 0.2 మైక్రాన్ స్ట్రాలు (ఫిల్టర్ రంధ్రాలు అంత సన్నవి) కూడా బ్యాక్టీరియాని ఆపుతాయి గానీ వైరస్‌లని, నీళ్లలో కరిగిన కెమికల్స్‌ని ఆపలేవు, మరి మా వీధిలో వచ్చింది డ్రైనేజీ కలిసిన వరద. నేను బ్లూ ఇంకు కలిపిన నీళ్లు పీల్చి చూస్తే బ్లూగానే వచ్చాయి. సరే ఇంకు కరిగిపోయేది కాబట్టి ఆ టెస్ట్ కరెక్ట్ కాదన్నాడు మా తమ్ముడు, అయితే తర్వాత కలిపిన పసుపు నలకలు కూడా వచ్చాయి, దానికేమంటావ్ రా అంటే మాట్లాడలేదు.

సెల్లర్‌కి మెసేజ్ పెడితే 'రిటర్న్ గడువు 7 రోజులు, అయిపోయింది సార్' అని ఒకే ముక్క. కన్స్యూమర్ హెల్ప్‌లైన్ 1915కి కంప్లైంట్ ఇచ్చా, ఇంకా తేలలేదు. మీరు మాత్రం ఏది కొన్నా వచ్చినరోజే వీడియో తీస్తూ విప్పండి, టార్చ్ రాత్రంతా వెలిగించి చూడండి, పవర్ బ్యాంక్‌తో ఫోన్ ఫుల్ చేసి చూడండి.

ఇప్పుడు మా ఇంట్లో పాత స్కూల్ బ్యాగే కిట్. నాన్న బీపీ మాత్రలు 15 రోజులవి (వరదప్పుడు మూడోరోజుకే అయిపోయాయి, అదొక నరకం), అసలైన ఓఆర్ఎస్ ప్యాకెట్లు అంటే డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా అని రాసుండి లీటర్ నీళ్లలో కలిపేవి, క్లోరిన్ బిళ్లలు, తలకి కట్టుకునే లైటు, ఒక కీప్యాడ్ ఫోను, ఆధార్, ఇంటి కాగితాల జిరాక్సులు జిప్ కవర్లో, అటుకులు, పుట్నాలు, బెల్లం. చిల్లర నోట్లు తప్పకుండా పెట్టుకోండి, సిగ్నల్ లేనప్పుడు ఫోన్‌పే పనిచెయ్యదు, పడవాడికి చిల్లరే కావాలి. నీళ్లు బ్యాగులో పట్టవు కాబట్టి వాన హెచ్చరిక రాగానే రెండు 20 లీటర్ల టిన్నులు మేడెక్కించేస్తాం.

అదే కిట్ ఇప్పుడు వేరే సెల్లర్ పేరుతో, 99 ఇన్ 1 అని కనపడుతోంది. ఎర్ర సంచి, మీద తెల్ల ప్లస్ గుర్తు, ఫోటోలో వెనక మంచు కొండ. పిన్నీసులు పెంచి ఉంటాడు.