ఫైర్‌హార్ట్: సినిమా బానే ఉంది గానీ ఆ నాయన నిజంగా టైలరేనా?

ముందే చెప్తున్నా, నేను సినిమాల మీద రాసేదాన్ని కాదు, తిరుపతిలో కొర్లగుంట పక్క చిన్న అంగడి పెట్టుకోని లేడీస్ టైలరింగ్ చేసుకునేదాన్ని, జాకెట్లు, చుడీదార్లు, పికో ఫాల్, అంతే. ఈ పిల్లల సినిమా మీద ఎందుకు రాస్తున్నానంటే, చూసినప్పట్నుంచీ ఒకటే విషయం బుర్రలో తిరగతా ఉంది, మా ఇంట్లో ఎవురికి చెప్పినా నవ్వతా ఉండారు.

సినిమా పేరు ఫైర్‌హార్ట్. 2022లో వచ్చింది, ఫ్రాన్స్ వాళ్ళూ కెనడా వాళ్ళూ కలిసి తీసిన బొమ్మల సినిమా. మా తమ్ముడు సెలవలకి వచ్చినప్పుడు పిల్లకాయలు ఊరికే ఫోన్లు పట్టుకోని కూర్చుంటారని మా టీవీలో పెట్టిచ్చినాడు. తెలుగు డబ్బింగ్ మాకు దొరకలా, ఇంగ్లీషులోనే చూసినాం, మా పాప ఆరో క్లాసు, అది మధ్యమధ్యలో ఆపి చెప్తా ఉంటే నాకూ మా నాయనకీ అర్థమయింది. గంటన్నర సినిమా, మాకు రెండు గంటలు దాటింది, మధ్యలో ఒక కరెంటు కోత కూడా.

కథ ఏందంటే, న్యూయార్క్, 1932వ సంవత్సరం. జార్జియా అని 16 ఏళ్ళ పిల్ల, చిన్నప్పట్నుంచీ ఫైరాఫీసులో చేరాలని ఒకటే పిచ్చి. వాళ్ళ నాయన షాన్ ముందు ఫైర్‌లోనే పెద్ద పేరున్న మనిషి, అది మానేసి ఇప్పుడు టైలరింగ్ చేసుకుంటా ఉంటాడు. ఆడపిల్లలు ఫైర్‌లో చేరకూడదు అనేది ఆ కాలంలో రూలు, వాళ్ళ నాయన కూడా అదే మాట. ఇంతలో బ్రాడ్‌వేలో, అంటే నాటకాల హాళ్ళుండే వీధి అన్నమాట, ఒక్కో థియేటరూ తగలబడిపోతా ఉంటుంది, ఆర్పడానికి పోయిన ఫైరోళ్ళు తిరిగి రారు, ఏమైపోతున్నారో ఎవురికీ తెలీదు. ఊళ్ళో ఇంక మనుషుల్లేక మేయరు వచ్చి షాన్‌ని బతిమాలుకుంటాడు. ఆయన కొత్త టీమ్ కట్టుకుంటాడు, దాంట్లోకి మన పిల్ల మగవేషం వేసుకోని, జో అని పేరు మార్చుకోని చేరిపోతుంది. జిన్, రికార్డో అని ఇంకో ఇద్దరు, ఎంబర్ అని ఒక కుక్క. నిప్పు పెట్టేది ఎవురో నేను చెప్పను, చెప్తే మా పాప నన్ను చంపేస్తుంది. నాకైతే సగంలోనే డౌటొచ్చింది.

బొమ్మలు బాగా గీసినారు. ఆ కాలం న్యూయార్క్ వీధులు, కార్లు, మిద్దెలు చూస్తా ఉంటే కళ్ళకి ఇంపుగా ఉంది. కామెడీ పర్లేదు, కొన్ని జోకులకి పాప ఒక్కటే నవ్వింది. పాటలు నాకు ఎక్కలా, గుర్తు కూడా లేవు.

ఇప్పుడు అసలు సంగతి. ఆ నాయన టైలరు. ఆ పిల్ల ఆయన కూతురు, ఒకే ఇంట్లో ఉంటారు. పదహారేళ్ళు ఆ పిల్లకి గౌన్లు కుట్టిన చేతులు కదా అవి? ఆ పిల్ల కోటు తొడుక్కోని, గొంతు మార్చి, ఎదురుగా నిలబడి సార్ సార్ అంటా ఉంటే తెలీదా? నాకు అక్కడే కోపం వచ్చేసింది. మామూలు జనానికి మొహం చూస్తే మనిషి గుర్తుంటాడేమో, మాకు కొలత గుర్తుంటుంది. నా అంగడికి వచ్చే ఆడోళ్ళలో సగం మంది పేర్లు నాకు తెలీవు, కానీ ఒక భుజం ఎత్తుగా ఇంకోటి దిగినట్టుండే ఆమె, మెడ వెనక కొంచెం గూనున్నామె, చెయ్యి మోచేతి తావ లావున్నామె, అట్ట గుర్తుంటారు. బజార్లో వెనక నుంచి చూసినా ఇదిగో 36 సైజు, షోల్డర్ పద్నాలుగున్నర పోతా ఉంది అనుకుంటా. ఇది గొప్ప కోసం చెప్పేది కాదు, ఏ టైలర్నైనా అడగండి.

ఇంకా నమ్మకం కుదరకపోతే మా గంగమ్మ జాతర చూడండి. మే నెలలో తాతయ్యగుంట గంగమ్మకి వారం రోజులు జరుగుతుంది కదా, తిరుపతోళ్ళకి కొత్తగా చెప్పాల్సిన పని లేదు, బయటోళ్ళ కోసం చెప్తున్నా. ఆ వారం మగోళ్ళు మొక్కుబడికి ఆడవేషం కడతారు, చీర, జాకెట్టు, విగ్గు, గాజులు, మొహానికి రంగు, అన్నీ. జాతరకి పది రోజుల ముందు నుంచే మగపిల్లోళ్ళు సిగ్గుపడతా నా అంగడి ముందర నిలబడతారు, అక్కా ఒక జాకెట్టు కావాల, బెరీన ఇయ్యక్కా అని. చంక పెద్దది పెట్టాల, వీపు వెడల్పు, ముందర డార్ట్, అంటే ఒంపు రావడానికి గుడ్డ మడిచి వేసే కుట్టు, వేస్తే దాంట్లో దూదో గుడ్డో కుక్కుకుంటారు, అదంతా వాళ్ళ ఇష్టం. పోయినేడాది జాతరలో మా వీధి పిల్లోడు ఒకడు నిండా రంగు పూసుకోని, జడ వేసుకోని, వాళ్ళమ్మ ముందర నుంచే పోయినాడు, ఆమెకి తెలీలా. నేను వెనకనుంచి భుజం చూసి పేరు పెట్టి పిలిస్తే ఉలిక్కిపడి తిరిగినాడు. నేను కుట్టిన జాకెట్టు కాబట్టి తెలిసింది అంటాడు వాడు. కాదు, భుజమే.

అసలు గంగమ్మ కథలో కూడా ఇదే కదా. ఆడపిల్లల్ని ఏడిపించే పాలెగాణ్ణి పట్టుకోవడానికి అమ్మ రోజుకో వేషం కట్టి ఊరంతా వెతికింది, చివరికి దొర వేషంలో వాణ్ణి చంపింది, మరుసటి రోజు మాతంగి వేషం. ఆడది మగవేషం కట్టి పని జరిపించుకోవడం అంటే తిరుపతోళ్ళకి వింతేం కాదు. అందుకే పాపకి ఆ వేషం భాగం చాలా నచ్చింది, అమ్మా దొర వేషమ్మా అని ఎగిరింది. నాకు నచ్చందల్లా ఆ నాయనే.

ఫైర్ సంగతికి వస్తే, మంటని చూడ్డానికి చాలా అందంగా చేసినారు, అది పిల్లలకి మంచిదో కాదో నాకు తెలీదు. నిజం మంటలో చంపేది ముందు పొగ, మనిషి కాలేదానికంటే ముందే ఊపిరాడక పడిపోతాడు, కాబట్టి పొగలో నిలబడకూడదు, నేల మీద వంగి పాక్కుంటా బయటికి రావాలని ఏప్రిల్‌లో పాప స్కూలుకి ఫైరోళ్ళు వచ్చి చెప్పి, చేయించి పోయినారంట. ఏప్రిల్ 14న ఫైర్ సర్వీస్ వారం ఎందుకు మొదలుపెడతారంటే 1944లో అదే రోజు బొంబాయి రేవులో ఓడ పేలి 66 మంది ఫైరోళ్ళు పోయినారు, వాళ్ళ గుర్తుగా. ఇది పాప సినిమా చూస్తా చూస్తా ఆపి మరీ చెప్పింది. మా ఊళ్ళో మంట అంటే నాకు గుర్తొచ్చేది 2014 మార్చిలో శేషాచలం అడవి కాలింది, మిద్దె ఎక్కితే కొండ మీద పొగ, ఎయిర్‌ఫోర్స్ హెలికాప్టర్లు తెప్పించినారు. ఆ పొగ వాసన ఈ సినిమాలో ఎక్కడా లేదు. పిల్లల సినిమా కదా, పోనీలే.

నా అంగట్లో కూడా ఒకసారి అయింది. కరెంటు పోతే ఐరన్ బాక్సు స్విచ్ ఆపకుండా బట్ట మీదనే పెట్టేసి ఇంటికి అన్నానికి పోయినా, కరెంటు వచ్చింది, నేను వచ్చేలోపల పాలిస్టర్ గుడ్డ కరిగి టేబులుకి అతుక్కుపోయింది, దేవుడి దయ మంట లేవలా. టైలర్లకి నిప్పు గురించి తెలిసేది ఇదే, గుడ్డ ఏందో తెలీకపోతే ఒక దారం తీసి అగ్గిపుల్లతో కాల్చి చూస్తాం, కాటన్ అయితే కాగితం కాలిన వాసన, బూడిదైపోతుంది, పట్టు అయితే వెంట్రుక కాలిన వాసన, పాలిస్టర్ అయితే కరిగి నల్లగా గట్టి పూస అయిపోతుంది. ఒంటి మీద కరిగితే చర్మాన్ని పట్టుకోని వదలదు, అందుకే పొయ్యి తావ పాలిస్టర్ నైటీలు వద్దమ్మా అని నేను అందరికీ చెప్తా, ఎవురూ వినరు. ఫైర్‌లో పని చేసినోడు, ఆపైన టైలరు, ఇట్టాంటి మనిషి నోట్లోంచి గుడ్డా నిప్పూ గురించి రెండు మాటలు చెప్పించి ఉంటే సినిమా ఎక్కడికో పోయేది. ఆ అంగడిని ఊరికే కూతుర్ని ఇంట్లో పెట్టుకునే తావులాగా వాడుకున్నారు, అంతే.

అయిపోయినాక పాప ఫోన్లో వెతికింది, నిజంగా న్యూయార్క్‌లో ఆడోళ్ళు ఫైర్‌లో ఎప్పుడు చేరినారని. 1982 అంట! 1977లో మొదటిసారి ఆడోళ్ళని పరీక్షకి రానిస్తే బలం పరీక్షలో ఒక్కరు కూడా పాస్ కాలా, బ్రెండా బెర్క్‌మన్ అనే ఆమె ఆ పరీక్షే సరిగ్గా లేదని కోర్టుకెక్కి గెలిచింది, అప్పుడు ఒక నలభై మంది చేరినారు. అంటే సినిమాలో కథ జరిగినాక ఇంకో యాభై ఏళ్ళకి. వాళ్ళకి ఆ కోట్లు ఏ కొలతల్తో ఇచ్చినారో అని నాకు ఒకటే ఆలోచన, మగోళ్ళవే ఇచ్చుంటారు, భుజాలు జారిపోయి చేతులు వేళ్ళ దాకా వచ్చుంటాయి. మన దేశంలో అయితే నాగపూర్‌లో నేషనల్ ఫైర్ సర్వీస్ కాలేజీ ఉంది, దాంట్లో చేరిన మొదటి అమ్మాయి హర్షిణి కన్హేకర్, 2002లో. పాప ఆ ఫొటో స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకుంది.

ఎవురు చూడచ్చు అంటే, ఏడెనిమిదేళ్ళు దాటిన పిల్లలకి బాగుంటుంది. మా తమ్ముడి చిన్నోడు నాలుగేళ్ళు, థియేటర్ కాలే సీనులో ఏడ్చి మా మరదలి ఒళ్ళోకి ఎక్కినాడు, చిన్నపిల్లలుంటే పక్కన కూర్చోండి. ఐదుకి మూడున్నర ఇస్తా. నాయన తెలివైనోడై ఉంటే నాలుగు.

ఇంక మా నాయన గురించి. మా నాయన జెంట్స్ టైలరు, ఇప్పుడు కళ్ళు సరిగ్గా కనపడక మానేసినాడు, చిత్తూరులో ఉన్నప్పుడు మా అంగడి పేరు చెప్తే పాత మనుషులకి తెలుస్తుంది. నేను పదో క్లాసు తప్పినప్పుడు నాకు ప్యాంటూ షర్టూ నేర్పియ్యి నాయనా అని అడిగితే, ఆడపిల్లవి మగోళ్ళ కొలతలు తీసుకుంటావా, లేడీస్ నేర్చుకోపో అని గమ్మున కూర్చోబెట్టినాడు. నేను రాత్రిపూట పాత ప్యాంట్లు కుట్లు విప్పి, మళ్ళీ కుట్టి, అట్ట నేర్చుకున్నా. ఒకసారి దీపావళికి ఆర్డర్లు నెత్తి మీదికొచ్చినప్పుడు ఆయన కత్తిరించి పెట్టిన షర్టు ఒకటి రాత్రికి రాత్రి నేనే కుట్టి, కాజాలు వేసి, గుండీలు పెట్టి, మడిచి డెలివరీ కట్టలో మధ్యలో దూర్చేసినా. పొద్దున నాయన కట్ట లెక్క చూసుకున్నాడు, ఒక్కొక్కటీ తీసి చూసినాడు, కవర్లలో పెట్టినాడు, గిరాకీకి ఇచ్చేసినాడు. నన్ను ఒక్క మాట అడగలా. నేను పెద్ద తెలివిగా మోసం చేసినా అనుకోని ఇన్నేళ్ళూ అట్టే ఉన్నా.

సినిమాలో ఆ పిల్ల మొదటిసారి వేషంలో నాయన ముందర నిలబడగానే మా నాయన కుర్చీలో నుంచే, ఆ పిల్లే కదా అమ్మీ అది, అన్నాడు. కళ్ళు సరిగ్గా కనపడని మనిషి. అవును నాయనా, కానీ ఆయనకి తెలీదంట అన్నా నేను. అట్టెట్ట తెలీదు, టైలరేగా వాడు, అన్నాడు. నేను చెప్తున్నదీ అదే కదా నాయనా అని నేను రెచ్చిపోయి, పాప సౌండ్ తగ్గించి మా ఇద్దర్నీ చూస్తా ఉంది. నాయన కొంచేపు ఆలోచించి, తెలిసే ఉంటుందిలే, తెలిసిందని చెప్తే ఇంటికి పంపించాల్సొస్తుందని ఊరికే ఉన్నాడేమో, అన్నాడు.

నాకు అప్పుడు ఆ దీపావళి షర్టు గుర్తొచ్చింది. నాయనా, నీకు అప్పుడు తెలుసా అన్నా. ఏది, అన్నాడు. చిత్తూర్లో, దీపావళికి, ఆ కట్టలో షర్టు. నాయన టీవీ వైపే చూస్తా, ఎడం చేతి కాజా మన అంగట్లో నువ్వు గాక ఇంకెవురేస్తారే, అన్నాడు. సౌండ్ పెట్టు పాపా, ఆ కుక్కకేమైందో చూద్దాం.