నాలుగేళ్ల నెట్‌వర్క్ మేనేజర్, ఒక బుల్లి ఐకాన్

ఆఫీసు పనంతా నాలుగేళ్లుగా లినక్స్ డెస్క్‌టాప్ మీదే. వీపీఎన్‌కి, అంటే ఆఫీసు నెట్‌వర్క్‌లోకి బయటి నుంచి భద్రంగా వెళ్లే దారికి, లినక్స్‌లో కనెక్షన్లు చూసుకునే నెట్‌వర్క్ మేనేజర్ తప్ప ఇంకోటి ముట్టుకోలేదు. "ఒక్కసారి సెట్ చేసుకుంటే ఇక మర్చిపోవచ్చు" అని అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెప్పేవాణ్ణి. ఇప్పుడూ చెబుతాను, కాస్త గొంతు తగ్గించి.

నా కోపమంతా ఒక్కదాని మీదే. వీపీఎన్ సెట్టింగుల్లో పాస్‌వర్డ్ కొట్టే గడి కుడి చివర ఓ బుల్లి మనిషి బొమ్మ ఉంటుంది. అదేదో అలంకారం అనుకుని మూడేళ్లు వదిలేశాను. నొక్కితే మెనూ వస్తుందని తెలిసేసరికి ఓ రాత్రి నిద్ర పోయింది.

రోజూ లాగిన్ పాస్‌వర్డ్ కొట్టడానికి బద్ధకమేసి ఆటో లాగిన్ పెట్టుకున్నాను. మర్నాటి నుంచి మెషిన్ ఆన్ చేయగానే కీరింగ్ (పాస్‌వర్డులు దాచే పెట్టె) అన్‌లాక్ చేయమని ఓ విండో. చదివే ఓపిక ఎవరికుంది? క్యాన్సిల్ కొట్టేసేవాణ్ణి. రెండు రోజులకి రాత్రి పదింటికి అర్జెంటు పని పడింది. వీపీఎన్ ఆన్ చేస్తే కనెక్షన్ ఫెయిలైందని నోటిఫికేషన్. పాస్‌వర్డ్ బయటికి కనపడేలా పెట్టి, ఒక్కో అక్షరం చూసుకుంటూ మళ్లీ కొట్టాను. మధ్యలో కీరింగ్ విండో వస్తే అలవాటు కొద్దీ మూసేశాను. మళ్లీ ఫెయిల్. ఒకటే టెన్షన్. హెల్ప్‌డెస్క్‌కి ఫోన్ చేసి పాస్‌వర్డ్ మార్పించుకున్నా అదే వరస. మూడోసారి ఫోన్ చేస్తే అవతలి కుర్రాడు అన్నాడు: "సార్, మీ దగ్గర్నుంచి మా లాగ్‌లో ఒక్క ప్రయత్నం కూడా లేదండీ."

అప్పుడు వెలిగింది. పాస్‌వర్డ్ తప్పని సర్వర్ చెప్పాలంటే ముందు అది అక్కడిదాకా వెళ్లాలి కదా! సిస్టమ్ లాగ్‌లు చూపించే జర్నల్‌సీటీఎల్ కమాండ్‌తో నెట్‌వర్క్ మేనేజర్ లాగ్ తెరిచిపెట్టి మళ్లీ కనెక్ట్ నొక్కాను. "నో వాలిడ్ సీక్రెట్స్" అని పడింది. పాస్‌వర్డే దొరకలేదట. నిజంగా తప్పు కొట్టి ఉంటే వీపీఎన్ నడిపే ఓపెన్‌వీపీఎన్ ప్రోగ్రామ్ "ఆథ్ ఫెయిల్డ్" అని రాసేది. నాకు మాత్రం రెంటికీ ఒకే నోటిఫికేషన్.

మామూలుగా మనం దాచమన్న పాస్‌వర్డ్ కీరింగ్‌లోకి వెళ్తుంది, ఆ కీరింగ్ తెరుచుకునేదేమో లాగిన్ పాస్‌వర్డ్‌తో. ఆటో లాగిన్‌లో ఆ పాస్‌వర్డే కొట్టం కాబట్టి తాళం తాళంలాగే ఉంటుంది. ఆ మనిషి బొమ్మ నొక్కితే ఈ యూజర్‌కి మాత్రమే దాచాలా, యూజర్లందరికీనా, ప్రతిసారీ అడగాలా, అసలు అక్కర్లేదా అని నాలుగు దారులు. యూజర్లందరికీ అన్నాను, క్షణంలో కనెక్ట్ అయింది.

అలా చేస్తే పాస్‌వర్డ్ కీరింగ్‌లో కాక సిస్టమ్ ఫైల్లో మామూలు అక్షరాల్లోనే ఉంటుంది, కాకపోతే రూట్ (మెషిన్ మీద పూర్తి అధికారమున్న యూజర్) తప్ప ఎవరూ చదవలేరు. నా డిస్క్ ఎన్‌క్రిప్ట్ చేసి ఉంది, వాడేదీ నేనొక్కణ్ణే, కాబట్టి సరిపెట్టుకున్నాను. నలుగురు వాడే మెషిన్ అయితే ఆటో లాగిన్ తీసేయడమే మేలు.

ఆ సుఖమూ ఎన్నాళ్లో లేదు. పాస్‌వర్డ్ చివర ఓటీపీ కలిపి కొట్టాలని ఆఫీసువాళ్లు రూలు పెట్టారు. దాచుకున్నది అరనిమిషంలో పాతబడిపోతుంటే దాచి ఏం లాభం? ప్రతిసారీ అడగమని పెట్టేశాను. మనిషి బొమ్మ పోయి ఇప్పుడక్కడ ప్రశ్నార్థకం కూర్చుంది. ఓటీపీ గొడవ లేనివాళ్లకి నా పాత మాట ఇంకా చెల్లుతుంది.